ఆముదం ఎటు తిరుగుతుంది?

1992 ఏప్రిల్‌లో నన్ను డిప్యుటేషన్ మీద నందికొండకు పంపారు. అప్పటికి నేను పాలమూరులో ఒక పీజీ కేంద్రంలో రసాయనశాస్త్రం రీడరును. రీడరు అంటే లెక్చరరుకు పైమెట్టు, ప్రొఫెసరుకు కిందిమెట్టు. ఇద్దరి పనీ చేయాలి, పేరు మాత్రం రాదు. నందికొండలో నాకిచ్చిన హోదా కోఆర్డినేటర్. కొత్తగా పరిశోధనలోకి వచ్చిన యువ శాస్త్రవేత్తలకు నెల రోజుల శిక్షణ నడిపించడం, వాళ్ళ భోజనం, పడక, పాఠాలు, చివర్లో మూల్యాంకనం అన్నీ నా నెత్తినే.

ఆ శిక్షణ సర్క్యులర్ చూసినప్పుడు టైపిస్టు మూడు వేరువేరు కాగితాలను కలిపి కొట్టేశాడేమో అనుకున్నాను. ముడుల గణితం, అణువుల ఎడమ కుడి గుణం, నిలకడైన సేద్యం అని ఒకే శీర్షిక కింద రాశారు. గణితం వాళ్ళు, రసాయనం వాళ్ళు, వ్యవసాయం వాళ్ళు ఒకే బెంచీ మీద కూర్చోవాలట. ఇరవై ఏళ్ళ కొలువులో ఒకే డిపార్టుమెంటు వాళ్ళు ఒక బెంచీ మీద సఖ్యంగా కూర్చోవడం నేను చూడలేదు. అందుకే నవ్వొచ్చింది. కానీ కుతూహలం కూడా కలిగింది, లేకపోతే ఎండాకాలం సెలవులు వదులుకొని కృష్ణ ఒడ్డున రేకుల షెడ్డులో ఉడకడానికి ఎవరు ఒప్పుకుంటారు?

ఈ మూడింటికీ పొత్తు ఎక్కడో ముందు చెప్పాలి. కొన్ని అణువులు మన రెండు చేతుల వంటివి. వేళ్ళన్నీ అవే, అమరిక అదే, కానీ కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టదు. చేతివాటం అందామంటే మన దగ్గర ఆ మాటకు దొంగతనమే ముందు గుర్తొస్తుంది కనుక మేము ఎడమ కుడి గుణం అనేవాళ్ళం. పురుగుమందుల్లో కొన్ని ఈ రెండు రూపాల మిశ్రమంగానే తయారవుతాయి. పురుగును చంపేది వాటిలో ఒక రూపమే. రెండోది రైతు డబ్బుతో కొన్న బరువు, ఊరికే నేలలోకి పోతుంది. పనికొచ్చే రూపాన్ని మాత్రమే తయారుచేయగలిగితే నేలకు మేలు. ముడులకూ ఇదే గుణం ఉంది. తాడుకు ముడివేసి రెండు కొసలూ అతికేస్తే దాన్నే గణితం వాళ్ళు ముడి అంటారు. అన్నిటికంటే చిన్న ముడిలో తాడు మూడుచోట్ల తన మీదుగా తానే దాటుతుంది. అందులో ఎడమది, కుడిది అని రెండున్నాయి. తాడు తెంపకుండా ఎంత లాగినా, ఎంత మెలిపెట్టినా ఒకటి రెండోది కాదు. విదేశాల్లో ఎవరో అణువులతోనే అలాంటి ముడి వేశారన్న వార్త అప్పటికి కొత్తది. మా పిల్లలు దాని గురించి తెగ మాట్లాడుకునేవారు.

ముడుల పాఠం చెప్పడానికి వచ్చినవారు రాఘవరావు గారు. గుంటూరు వైపు మనిషి, ప్రొఫెసరు, నెమ్మదస్తుడు. మొదటి రోజే పడవలవాళ్ళ దగ్గర నైలాను తాడు చుట్ట కొని, తలా ఒక ముక్క కోసి ఇచ్చారు. క్లాసు ఎదుట నిలబడి నిదానంగా ముడివేసి చూపించారు. అందరూ వేశారు. తీరా కొసలు అతికి బల్ల మీద పరిస్తే సగానికి పైగా ఆయన ముడికి అద్దంలో నీడలా ఉన్నాయి. ఆయన ముఖం చిన్నబోయింది. తన పాఠంలోనే తప్పుందేమోనని మళ్ళీ వేసి చూసుకున్నారు. కేతేపల్లి నుంచి వచ్చిన నర్సింహ అనే వ్యవసాయ శాస్త్రవేత్త బల్లలవైపు ఒకసారి, ముడులవైపు ఒకసారి చూసి చెప్పాడు.

"సార్‌కు ముంగట గూసున్నోల్లయే ఉల్టా అయినయి మేడం. పక్కకు నిలబడి జూసినోల్లయి సీదనే ఉన్నయి."

సంగతి అదే. ఎదురుగా కూర్చున్నవారు ఆయన చేతిని అద్దంలో చూసినట్టు చూసి, ఆయన కుడిచేత్తో చేసింది తమ ఎడమచేత్తో చేశారు. చదువుకున్నవాళ్ళు ఇంతమంది ఒకేసారి ఒకే తీరుగా పొరబడటం నాకు భలే నచ్చింది. రాఘవరావు గారు మర్నాటి నుంచి క్లాసుకు వీపు పెట్టి ముడి వేయడం మొదలుపెట్టారు. పిల్లలకు ఆ పాఠం ఎంత గట్టిగా పట్టిందంటే, ఆ తరువాత ఎక్కడ ఏ తేడా వచ్చినా "ఎదురుగా నిలబడి చూసినట్టున్నావు" అని ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు. దాని పర్యవసానం ఏమిటో అప్పుడు మాకెవరికీ తెలియదు.

శిక్షణ రెండో సగంలో జట్లుగా విడిపోయి పని చేయాలి. ఏ జట్టుకు కావలసిన పరికరాన్ని ఆ జట్టే తయారుచేసుకోవాలన్నది నియమం. నస్రీన్ ఉన్న జట్టు ఆముదం తీసుకుంది.

నస్రీన్ పాలమూరు పిల్ల. వాళ్ళ నాన్నకు గడియార స్తంభం దగ్గర దర్జీ దుకాణం. ఎమ్మెస్సీలో నా దగ్గరే చదివి, నూనెగింజల పరిశోధనా కేంద్రం ఒకదానిలో తాత్కాలిక కొలువు చేస్తోంది. మా పాలమూరు వైపు మెట్టనేలల్లో వాన సరిగ్గా లేకపోయినా చేతికొచ్చే పంట ఆముదం. గింజ ఆడించి అమ్ముకోవడం తప్ప రైతుకు వేరే దారి లేదు. నస్రీన్ చేస్తున్న పని ఆముదానికి ఒక రకం ఈస్టును పట్టించి, పండు వాసన వచ్చే ఒక పదార్థాన్ని తీయడం. మిఠాయిల్లో, పానీయాల్లో వేసే సరుకు అది, నూనెకంటే ఎన్నో రెట్లు ధర. ఆముదం అణువుకూ ఆ ఎడమ కుడి గుణం ఉంది, అది కుడి రకం. చెట్టు ఎప్పుడూ ఆ ఒక్క రకాన్నే తయారుచేస్తుంది. ఆ గుణం చెడకుండా ఈస్టు దాన్ని కొత్త పదార్థంలోకి మోసుకుపోతుందని, ఫ్యాక్టరీలో మిశ్రమంగా తయారయ్యే సరుకుకంటే తనది మేలని నస్రీన్ వాదన. దాన్ని రుజువు చేయాలి.

చేయకపోతే ఏమవుతుందో ఆమె మొదటి వారంలోనే నాతో చెప్పేసింది. ఆ కేంద్రంలో తాత్కాలికులు ఇద్దరు, కొనసాగించే జాగా ఒకటి. శిక్షణ చివర్లో మూల్యాంకన సంఘం ఆమె పని సంతృప్తికరమని రాస్తే ఆ జాగా ఆమెది.

"లేకుంటే మల్ల పాలమూరు వొయ్యి ట్యూషన్లు జెప్పుకునుడే మేడం," అంది. ఏడుపు లేదు, దీనత్వం లేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

ఎడమ కుడి గుణాన్ని పట్టిచ్చే పరికరం పేరు పోలరీమీటరు. ఒక గొట్టంలో ద్రావణం పోసి ఒక కొస నుంచి పసుపుపచ్చ సోడియం దీపం వెలుగు పంపిస్తాం. ఆ వెలుగు ముందుగా ఒక ప్రత్యేకమైన పలక గుండా రావడంతో ఒకే తలంలో కంపిస్తూ వస్తుంది. ద్రావణంలో ఎడమ కుడి గుణం ఉన్న అణువులుంటే ఆ తలాన్ని అవి కొంచెం తిప్పుతాయి. రెండో కొసన మరో పలకను తిప్పుతూ ఎంత తిరిగిందో, ఎటు తిరిగిందో కొలుస్తాం. చూసేవారి కంటికి గడియారం ముల్లు దిశలో తిరిగితే కుడి, లేకపోతే ఎడమ.

ఆ జట్టులో భౌతికశాస్త్రం కుర్రవాడు సుధాకర్ దాన్ని చెక్కపెట్టెలో కట్టాడు. చేయి తిరిగినవాడు. వెలుగు చొరబడకుండా పెట్టెను నల్ల టేపుతో అంతా మూసేశాడు. లోపలి పలకను దారంతో తిప్పే ఏర్పాటు చేసి, ముల్లునూ కాగితం స్కేలునూ పెట్టె బయట అతికించాడు. అందువల్ల లోపల పలక ఎటు తిరుగుతోందో నేరుగా కంటికి కనబడదు.

పరికరం కొత్తదైతే ముందుగా గుణం తెలిసిన పదార్థంతో సరిచూడాలి. చక్కెర నీళ్ళు కుడికి తిప్పుతాయని ఇంటర్మీడియెట్ పిల్లవాడికైనా తెలుసు. ఆ రోజు ఆదివారం, స్టోరు తాళం. సుధాకర్ వంటశాలకు పోయి చక్కెర అడిగాడు. మా వంటమనిషి ఖాజా మియా గులాబ్‌జామూన్ల పాకం గిన్నె చూపించి, ఇది కూడా చక్కెర నీళ్ళే గద, మళ్ళీ కొత్తగా కలపడం ఎందుకని ఒక గ్లాసు పోసిచ్చాడట. సుధాకర్ దాన్ని పలచన చేసి, బొగ్గుపొడి వేసి రంగు తీసి, వడగట్టి గొట్టంలో పోశాడు. ముల్లు ఎడమకు పోయింది.

సుధాకర్‌కు వెంటనే కారణం తట్టింది. స్కేలు అతికించేటప్పుడు తాను దీపం వైపు నిలబడి ఉంటానని, కన్ను పెట్టే వైపు కాదని అన్నాడు. అంటే ఎదురుగా కూర్చుని ముడి వేసినవాళ్ళలాగే అద్దం లెక్కలో పడ్డాడని అనుకున్నారు. జట్టంతా పకపకా నవ్వింది. రాఘవరావు గారు కూడా అటుగా వచ్చి, చూశారా, గణితం మీ పెట్టెలోకి కూడా వచ్చిందని సంతోషించారు. స్కేలు ఊడదీసి తిరగేసి అతికించారు. ఇప్పుడు పాకం కుడికి చూపించింది. ముల్లు కదిలిన మేర కూడా చక్కెరకు ఉండవలసినంత లేదు గానీ, దిశ కుదిరింది కదా అని ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. టేపు విప్పి లోపల చూడలేదు. అంత అందంగా అతికిన కారణాన్ని ఎవరికి మాత్రం విప్పబుద్ధవుతుంది?

మర్నాడు నస్రీన్ తన పదార్థాన్ని గొట్టంలో పోసింది. కుడికి తిప్పవలసింది ఎడమకు తిప్పింది. గొట్టం కడిగి మళ్ళీ పోసింది. మళ్ళీ ఎడమకే.

నస్రీన్ పై అధికారి విద్యాసాగర్ గారు కూడా పాఠాలు చెప్పడానికి అక్కడికి వచ్చి ఉన్నారు. చెడ్డవారు కారు, తొందర మనిషి. ఈస్టులో వేరే సూక్ష్మజీవి ఏదో చేరిందని, ఏడాది పని మొత్తం దాని చలవేనని, ఈ స్థితిలో ఆమెను సంఘం ముందు నిలబెడితే కేంద్రానికే పరువు తక్కువని నాతో చెప్పారు. సంఘం ముందు పని చూపించేవాళ్ళ జాబితాలోంచి ఆమె పేరు తీసేయమన్నారు. పేరు తీసేయడమంటే కొలువు తీసేయడమేనని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నాకు మండింది. అయినా కోఆర్డినేటర్ కోపంతో ముల్లు కుడికి తిరగదు కదా. సంఘం రావడానికి ఇంకా వ్యవధి ఉంది, అప్పటిదాకా పేరు ఉంచుతానని మాత్రం చెప్పాను.

నస్రీన్ ఆ పూట అన్నం తినలేదు. కానీ ఏడుస్తూ కూర్చోలేదు కూడా. తాను మొదలుపెట్టిన ముడిసరుకునే, అంటే ఉత్త ఆముదాన్నే గొట్టంలో పోసి చూసింది. అదీ ఎడమకే తిరిగింది.

ఆ నూనె కోస్గి అంగడిలో నర్సింహ కొని తెచ్చినది. దాంతో కల్తీ అన్న మాట పుట్టింది. కోస్గి మా ఊరు కనుక నాకు కొంచెం పౌరుషం వచ్చిన మాట నిజమే. అయితే కల్తీ మాట విన్నాక నస్రీన్ ముఖంలో మొదటిసారి వెలుగు చూశాను.

"కల్తీ జేసిన్రనే అనుకుందాం మేడం," అంది. "కల్తీ జేస్తే తిరుగుడు తగ్గాలె గని, ఉల్టా ఎట్ల తిరుగుతది? ఉల్టా తిరగాలంటే ఆముదం కన్న బలంగ ఎడమకు తిప్పే నూనె గలపాలె. గసుంటిది అగ్గువ ధరకు యాడ దొర్కుతది?"

నర్సింహ తల గీరుకున్నాడు. నస్రీన్ ఆగలేదు.

"చెట్టు అబద్ధమాడది. నా ఈస్టు ఖరాబైందనుకున్నా, ఆముదానికి ఏమైంది? రెండూ ఒక్క తీరు ఎడమకు జూపిస్తున్నయంటే తప్పు గీ రెండిట్ల లేదు. ఇగ మిగిలింది చక్కెరనే."

చక్కెరను అనుమానించడం మాకెవరికీ తోచలేదు. అది సాక్షి కాదు, న్యాయమూర్తి అనుకున్నాం. ఆమె నందికొండ హిల్ కాలనీలో ఒక దుకాణానికి పోయి పొట్లం చక్కెర కొనుక్కొచ్చి, నీళ్ళలో కరిగించి గొట్టంలో పోసింది. తిరగేసిన స్కేలు మీద కొత్త చక్కెర ఎడమకు చూపించింది. గొట్టం కడిగి పాకం పోస్తే కుడికి చూపించింది. ఒకే చక్కెర రెండు వైపులా తిరుగుతోంది. ఆ క్షణంలో షెడ్డులో ఉన్నవాళ్ళందరం ఉక్కపోత సంగతి మరిచిపోయాం. కొలువూ పరువూ పక్కకు పోయి, ఇదెట్లా అన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఈ వృత్తిలో నేను ఇన్నేళ్ళు ఉన్నది అలాంటి ఘడియల కోసమే.

నస్రీన్ వంటశాలకు నడిచింది, వెనకాల మేమంతా. ఖాజా మియా ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. ఇంతమందిని చూసి కూరలో ఏదో పడిందనుకొని కంగారుపడ్డాడు. పాకంలో ఏమేస్తావని నస్రీన్ అడిగింది.

"ఏమేస్త బేటా, చక్కెర, ఇలాచి. నిమ్మకాయ పిండుత. పిండకుంటే పాకం గడ్డ గడ్తది."

రోజూ కొంచెం మిగిలితే దాంట్లోనే ఇంకొంచెం నిమ్మరసం పిండి మళ్ళీ కాచేవాడట. మిఠాయి చేసే ప్రతి ఇంట్లో ఉన్న పద్ధతే.

చక్కెరను పులుపుతో కలిపి కాస్తే అది రెండు రకాల చిన్న చక్కెరలుగా విడిపోతుంది. ఆ రెండింటిలో ఎడమకు తిప్పేదానిదే పైచేయి. అందుకే బాగా విడిపోయిన పాకం ఎడమకు తిప్పుతుంది, గడ్డ కూడా కట్టదు. రసాయనం చదివినవాళ్ళం అక్కడ అరడజను మందిమి ఉన్నాం. పరీక్షల్లో ఆ ప్రశ్న ఇచ్చినవాళ్ళం, దిద్దినవాళ్ళం. నస్రీన్ వంటింటి గడపలోనే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతుండగానే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఖాజా మియా ఏమీ అర్థంకాక ఆమెకు మంచినీళ్ళు ఇచ్చాడు.

టేపు విప్పి పెట్టెలో చూస్తే సుధాకర్ మొదట అతికించిన స్కేలే సరైనది. దాన్ని తిరిగి యథాస్థానంలో పెట్టారు. కొత్త చక్కెర కుడికి, దిశతోపాటు మేర కూడా సరిపోయింది. ఆముదం కుడికి, నస్రీన్ పదార్థం కుడికి. విద్యాసాగర్ గారు తానే స్వయంగా రెండుసార్లు చూసుకొని, నేను చెప్పింది వాపసు తీసుకుంటున్నానని అందరి ముందూ అన్నారు. ఆ మాట అందరి ముందూ అనడం చిన్న సంగతి కాదు.

మూల్యాంకన సంఘం చివరి రోజున వచ్చింది. అధ్యక్షులు పదవీవిరమణ చేసిన ప్రొఫెసరు, బయటి రాష్ట్రంలో కొలువు చేసి వచ్చినవారు, నవ్వని మనిషి. నస్రీన్ జరిగింది దాచకుండా చెప్పింది. కొత్త చక్కెర, పాకం, ఆముదం, తన పదార్థం వరుసగా గొట్టంలో పోసి చూపించింది. సుధాకర్ స్కేలు కథ తానే చెప్పుకున్నాడు. సంఘంలో మిగతా ఇద్దరూ మెచ్చుకున్నారు. అధ్యక్షులు మాత్రం ముల్లునే చూస్తూ కూర్చున్నారు. తరువాత తల ఎత్తి అడిగారు. తిరగేసిన స్కేలు మీద మీ పదార్థం మీరు కోరుకున్నట్టే కుడికి చూపించి ఉంటే, చక్కెరను మళ్ళీ పరీక్షించేవారా?

ఆ ప్రశ్నలో ఉన్న గొయ్యి నాకు కనబడింది. ఆమె ఈస్టు నిజంగానే చెడిపోయి ఎడమ పదార్థాన్ని తయారుచేసి ఉంటే, తప్పు స్కేలు దాన్ని కుడిగా చూపేది. అప్పుడు ఆముదాన్ని పోసి చూసేవారు కాదు, వంటింటికి పోయేవారు కాదు. ఇదే చోట నిలబడి ధీమాగా అబద్ధం చెప్పేవారు, తెలియకుండానే. చేసేదాన్ని సార్ అంటే సరిపోయే జవాబే. కాదని ఎవరూ రుజువు చేయలేరు.

నస్రీన్ పెట్టె మీది స్కేలు వైపు ఒకసారి చూసింది.

"చెయ్యకపోతుంటి సార్," అంది. "ఖుషీతోని రాసుకొని మీ ముంగట పెడుతుంటి."

ఆయన తలూపి, కలం తీసి, తన అభిప్రాయం రాశారు. అది సంతృప్తికరమని సాయంత్రం నాకు తెలిసింది. ఆ జాగా నస్రీన్‌కు వచ్చింది. తరువాత ఆమె చాలా ఏళ్ళు ఆముదం మీదే పనిచేసింది.

అంతకుముందు మేము ఆ శిక్షణ గురించి ఒక శాస్త్రం ఇంకో శాస్త్రానికి దారి చూపుతుందని చెప్పుకునేవాళ్ళం. చూపుతుంది, కాదనను. కానీ ముడుల క్లాసులో నేర్చిన అద్దం లెక్కే మమ్మల్ని స్కేలు తిరగేసేలా చేసింది. పక్కింటి నుంచి తెచ్చుకున్న ఆలోచన కొత్తగా, ముద్దుగా ఉంటుంది కనుక దాన్ని ఎవరూ నిలదీయరు. అది మొదటి పాఠం. రెండోది అధ్యక్షుల ప్రశ్నలో ఉంది. ఫలితం మనకు ఎదురు తిరిగినప్పుడు పరికరాన్ని అందరం అనుమానిస్తాం, అందులో గొప్ప లేదు. నేను రిటైరయ్యేదాకా నడిపిన ప్రతి ప్రయోగశాలలోనూ ఒక నియమం పెట్టాను. కోరుకున్న ఫలితం వచ్చిన రోజున, సంబరానికి ముందు, దుకాణం నుంచి కొత్త చక్కెర తెచ్చి పరికరాన్ని సరిచూడాలి. విద్యార్థులు విసుక్కునేవారు. ఆ విసుగు పడినవాళ్ళలో నలుగురు, పరికరంలో తప్పు బయటపడి, తమకు నచ్చిన ఫలితాన్ని తామే కొట్టివేసుకోవలసి వచ్చింది.